దీపం వెలిగింది, మాట వెళ్లలేదు

మదనపల్లెలో బెంగళూరు బస్టాండు దగ్గర ఒక మేడ మీది గదిలో పాతికేళ్లకు పైగా రేడియో సెట్లు బాగుచేశాను. పాటలు వినే రేడియోలు కావు, మాట్లాడుకునే సెట్లు. సిబి రేడియోలంటారు. చిన్న పెట్టె, దానికి మెలికల తీగతో వేలాడే మైకు, పైన పొడవాటి ఏరియల్. బటన్ నొక్కితే మన మాట అవతలి సెట్టుకు పోతుంది, వదిలితే అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తుంది. సిమ్ కార్డు అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. సెల్‌ఫోన్లు వచ్చాక ఇవి ఎవరికి కావాలి అంటారు చాలామంది. సెల్‌ఫోన్ మూగబోయే కొండ సందుల్లో బతికేవాళ్లకు ఇప్పటికీ కావాలి.

కిందటేడు పని మానేశాను. ఆ తర్వాత ఒక ఐటిఐ వాళ్లు పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. అక్కడ ఒక అమ్మాయి లేచి, "మేడమ్, పాత సెట్లు గట్టివని అందరూ అంటారు. నిజంగానే గట్టివా, పెద్దవాళ్లు ఊరికే అలా అంటారా?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జవాబు మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను. బస్సెక్కి ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న నాతోనే ఉంది. ఆ అమ్మాయికీ, ఈ పనిలోకి రాబోయే మిగతావాళ్లకూ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

మేడ మీది గది

చేరిన కొత్తలో మెట్లెక్కి వచ్చినవాళ్లు నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు.

"రిపేరీ చేసే ఆయప్ప యాడమ్మా?"

"నేనే" అంటే, సెట్టును చంకలోంచి తీయాలా వద్దా అని కాసేపు ఆలోచించేవాళ్లు. ఒకాయన అయితే కింద టీ అంగడిలో గంటసేపు కూర్చుని, ఇంకెవరూ రావడం లేదని నిర్ధారించుకున్నాక మళ్లీ పైకొచ్చాడు. ఒకసారి బాగుచేసి ఇచ్చాక మాత్రం రెండోసారి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

కుప్పం వైపు గ్రానైటు క్వారీల మేస్త్రీలు వచ్చేవాళ్లు. పుంగనూరు నుంచి టమోటా తోలే లారీ డ్రైవర్లు, బోరు బండ్లవాళ్లు, ఏనుగుల బాధ ఉన్న గుడుపల్లె రైతులు వచ్చేవాళ్లు. ఈ పనంటే రోజంతా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చోవడమని పిల్లలు అనుకుంటారు. మా పనిలో సగం దుమ్ము తుడవడమే. మిగతా సగం, సెట్టు తెచ్చిన మనిషి చెప్పేది ఓపిగ్గా వినడం. "పొద్దన పలుకుతాదమ్మా, ఎండెక్కినంక మూగదైపోతాది" అని క్వారీ మేస్త్రీ అన్నాడంటే, వేడికి విడిపోయే సోల్డర్ అతుకు ఒకటి లోపల ఉందన్నమాట. మీటర్ చెప్పకముందే మనిషి చెప్పేస్తాడు. ఆ మాట వినకుండా మూత విప్పేవాళ్లు సాయంత్రం దాకా వెతుకుతూనే ఉంటారు.

శేషాద్రి సార్

ఆ అంగడి శేషాద్రి సార్‌ది. బెంగళూరులో ఒక పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడ ఇమడలేక ఇక్కడికొచ్చి అంగడి పెట్టుకున్నారు. కోపం ఎక్కువ. నాకు పని నేర్పిన ఏళ్లలో బాగుందన్న మాట ఆయన నోట వినలేదు. బాగా చేసిన రోజు ఏమీ అనేవారు కాదు. అదే మెప్పనుకునేదాన్ని.

"మూత తీయంగానే కళ్లతో చూడొద్దు, ముందు ముక్కుతో చూడు" అనేవారు. కాలిన ట్రాన్సిస్టర్‌ది ఒక వాసన, ఉడికిన ట్రాన్స్‌ఫార్మర్‌ది ఇంకో వాసన. ఆర్నెల్లకు నా ముక్కు కూడా పని నేర్చుకుంది.

ఆ రోజుల్లో సెట్టు మూత విప్పితే లోపల అల్యూమినియం చట్రం ఉండేది, దాని మీద పార్టులన్నీ అతికిన దళసరి బోర్డు. వేడెక్కే ట్రాన్సిస్టర్‌ను మరతో వెనక పలకకు బిగించేవాళ్లు. ఏరియల్ తగిలించే ఇత్తడి గూడు కూడా నట్టుతో చట్రానికే బిగించి ఉండేది. అక్కడి నుంచి బోర్డుకు వేరే తీగ పోయేది. ఎవరు ఏరియల్ పట్టుకుని లాగినా ఆ లాగుడంతా చట్రం మీదే పడేది, బోర్డు కదిలేది కాదు. సర్క్యూట్ కాగితం మడిచి పెట్టెలోనే పెట్టి పంపేవాళ్లు. అంటే, ఇది ఏదో ఒకరోజు చెడుతుంది, అప్పుడు ఎవరో ఒకరు బాగుచేస్తారు అని చేసినవాడికి తెలుసు. ఆ ఎవరో మేమే.

ముందువైపు చిన్న గాజు వెనక ఒక ముల్లు ఉండేది. బటన్ నొక్కి మాట్లాడితే ముల్లు లేచేది. ఏరియల్‌లోకి నిజంగా పవర్ పోతేనే లేచేది, లేకపోతే పడుకునే ఉండేది.

సెట్టు బాగుచేశాక సార్ దాన్ని వెంటనే ఇచ్చేవారు కాదు. పుంగనూరు పోయే ఏదో ఒక లారీలో టమోటా క్రేట్ల మధ్య పెట్టి పంపేవారు. ఆ కుదుపులకు తట్టుకుని, పోయి తిరిగొచ్చాక పలికితేనే ఇవ్వమనేవారు. సెట్టు కోసం వచ్చినవాళ్లు విసుక్కునేవాళ్లు. నాకూ మొదట్లో అది చాదస్తంగానే తోచింది.

పుంగనూరు లారీ డ్రైవర్ బాషా ఒకసారి బురద కొట్టుకున్న సెట్టును గోనెసంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పలమనేరు దాటాక ఘాటులో లారీ పల్టీ కొట్టిందట. క్యాబిన్‌లో కాలు ఇరుక్కుపోయింది, క్రేట్లన్నీ పగిలి టమోటా రసం మోకాళ్ల దాకా వచ్చింది. సెల్‌ఫోన్ ఎక్కడో ఎగిరిపడింది. ఆ రసంలోనే చేత్తో తడిమి మైకు పట్టుకున్నాడు.

"మాట్లాడినా మేడమ్. పలుకుతాదని అనుకోలా. ఎనకాల వచ్చే మా బండోడు ఇన్నాడు. వాళ్లే లాగినారు నన్ను" అన్నాడు. అరచేయి నిండా కుట్లు ఉన్నాయి. "కొత్త లారీ వస్తాది. సెట్టు మాత్రం ఇదే బిగించాల."

మూత విప్పితే లోపలంతా గింజలు. నీళ్లతో కడిగి ఆరబెట్టాం. ఒక్క పార్టు కూడా మార్చలేదు.

అప్పటి సెట్లలో లోపాలు లేవని చెప్పను. బరువు ఎక్కువ. బ్యాటరీని తాగేసేవి. కొన్ని రకాల కెపాసిటర్లు కొన్నేళ్లకు కారిపోయి బోర్డును తినేసేవి. దూరం నుంచి వచ్చే సన్నని మాట వినడంలో కొత్త సెట్లే మేలు, అది ఒప్పుకోవాలి. కానీ చెడితే చెడిపోయామని చెప్పేవి. ఆ ముల్లు పడుకుని ఉంటే ఎంత చదువురానివాళ్లకైనా తెలిసిపోయేది.

గుడుపల్లె కొండల కింద

గుడుపల్లె వైపు కొండల కింద ఒక చిన్న ఊరు. తమిళనాడు అడవి నుంచి ఏనుగులు దిగే దారిలో ఉంటుంది. ఆ ఊళ్లో మునియప్ప అనే రైతు ఉన్నాడు. కొండంచున రాగులు, టమోటా పెట్టేవాడు. ఏనుగులు చేనును రెండుసార్లు తొక్కేశాక ఇరుగుపొరుగు వాళ్లను కూడగట్టి సెట్లు పెట్టించుకున్నాడు. ఇంట్లో ఒక పెద్ద సెట్టు, చేలల్లో తిరిగేవాళ్ల చేతుల్లో చేతిసెట్లు. మేమే పోయి గుంజలు పాతి ఏరియళ్లు కట్టి వచ్చాం.

ఆయన వదిన గంగమ్మ గొర్రెలు మేపేది. మొగుడు పోయాక మరిది ఇంట్లోనే ఉండి, మందను ఆమే చూసుకునేది. కొండ వాలులో ఆమెకు తెలియని బండ లేదు. అందుకే ఒక చేతిసెట్టు ఆమెకు ఇచ్చారు.

బటన్ నొక్కి మాట్లాడి వదలాలని ఆమెకు నేర్పేసరికి శేషాద్రి సార్ చెమటలు కక్కారు. నొక్కేది, చెప్పాల్సింది చెప్పేది, బటన్ మీద వేలు అలాగే ఉంచి గొర్రెలను తిట్టడం మొదలుపెట్టేది. అన్ని సెట్లలోనూ ఆ తిట్లే.

"వదలమ్మా, వేలు వదలు" అని సార్ అరుస్తుంటే, "నేను వదిల్తే మీరు మాట్లాడతారు. నేను సెప్పేది యాడ అయింది?" అంది. కోపిష్ఠి మనిషి, ఆ రోజు పడీ పడీ నవ్వారు.

ఒక పొద్దున ఆడవాళ్లు కలుపు తీయడానికి వాలు వైపు బయల్దేరారు. అంతలో అన్ని సెట్లలో గంగమ్మ గొంతు. "మునెప్పా, ఎవురినీ పంపొద్దు. కుంట కాడ ఉండాయి. పిల్లగూడా ఉండాది. ఎవురినీ పంపొద్దప్పా." మునియప్ప పరుగెత్తి దారిలోనే అందరినీ ఆపాడు. పిల్ల ఏనుగు వెంట ఉన్న తల్లి ఎదురుపడితే ఏమవుతుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. తర్వాత నేను సర్వీసుకు పోయినప్పుడు ఆ ఆడవాళ్లలో ఒకామె గంగమ్మ సెట్టును నా చేతిలో పెడుతూ, "దీన్ని బాగా సూడమ్మా, మా పానాలు దీంట్లో ఉండాయి" అంది.

తేలికైన పెట్టెలు

ఆ తర్వాత కొత్తరకం సెట్లు రావడం మొదలైంది. మొదటిది నా చేతికొచ్చినప్పుడు లోపల ఏదో పెట్టడం మరిచిపోయారనుకున్నాను, అంత తేలిక. విప్పుదామంటే మరలు లేవు, రెండు ప్లాస్టిక్ చిప్పలను అతికించేశారు. చాకుతో చీల్చి తీశాను. పల్చటి బోర్డు, కంటికి ఆనని పార్టులు. చట్రం ఏదీ లేదు. ఏరియల్ గూడును నేరుగా బోర్డుకే సోల్డర్ చేశారు. ఏరియల్ ఊగిన ప్రతిసారీ ఊగేది ఆ అతుకే.

ఆ సెట్లు అమ్మే కంపెనీ మనిషి మా అంగడికి వచ్చాడు. మంచి మనిషే, మర్యాదగా మాట్లాడాడు.

"ఇందులో ఏదైనా పోతే ఎట్లా బాగుచేయాలి?" అని సార్ అడిగారు.

"బాగుచేయక్కర్లేదు సార్. ఏడాదిలోపు ఏం జరిగినా కొత్తది ఇచ్చేస్తాం."

"ఏడాది తర్వాత?"

"అప్పటికి కొత్త మోడల్ వచ్చేస్తుంది సార్."

సార్ ఆ పెట్టెను ఆయన వైపే జరిపారు. "కొండ మీద ఏనుగుకు ఎదురుపడ్డోడికి ఏ మోడల్ వస్తుందయ్యా?" అన్నారు. ఆ మనిషి నవ్వాలో వద్దో తెలియక టీ తాగేసి వెళ్లిపోయాడు.

మేం ఆ సెట్లు తెప్పించలేదు. అయితే ఏం? క్వారీలవాళ్లు ఆన్‌లైన్లో తెప్పించుకున్నారు. లారీలవాళ్లూ అంతే. వాళ్లను తప్పుపట్టలేను. పక్కపక్కన రెండు పెట్టెలుంటే, ఒకటి తేలిక, చవక, దానికి రంగుల తెర కూడా ఉంది. లోపల ఏముందో వాళ్లకు కనిపించదు. లోపల చూడటం మా పని. ఆ పని మమ్మల్ని అడిగేవాళ్లు లేకుండా పోయారు.

ఇంజనీర్లకు గట్టి సెట్టు చేయడం రాక కాదు. నాకంటే వెయ్యి రెట్లు తెలిసినవాళ్లు వాళ్లు. పడితే ఏమవుతుంది, తడిస్తే ఏమవుతుంది, పదేళ్ల తర్వాత ఏమవుతుంది అని అడిగే మనిషిని, సెట్టు తయారుచేసే గదిలోంచి కంపెనీలు పంపించేశాయి. నాకు అర్థమైనంతలో జరిగింది ఇదే.

పాతవాటికి పార్టులు దొరకడం ఆగిపోయింది. బెంగళూరు నుంచి తెప్పించిన ట్రాన్సిస్టర్ల మీద నంబరు అదే ఉండేది, లోపల సరుకు వేరే. బిగించి బటన్ నొక్కగానే కాలిపోయేవి. ఒకరోజు సార్ ఎవరో తెచ్చిన కొత్త సెట్టు మూత చీల్చి చూసి, వాసన కూడా చూడకుండా మూసేశారు. "దీంట్లో మనకు పనేం లేదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయన అంగడికి రావడం తగ్గించారు. కొన్నాళ్లకు జబ్బుచేసి చనిపోయారు, అంగడి నేనే చూసుకున్నాను. ఆయన చివరి రోజుల్లో నేను బాగుచేసినవి చాలా తక్కువ. చూసి, పారేయమని చెప్పి పంపినవే ఎక్కువ.

ఇద్దరూ నిజమే చెప్పారు

గుడుపల్లె వాళ్ల పాత చేతిసెట్లు కూడా ఒకటొకటిగా మూగబోయాయి. ఎవరో దాతలు ఊరికొచ్చి పూలదండలతో, ఫొటోలతో కొత్త చేతిసెట్లు పంచారని విన్నాను. మంచి మనసుతోనే ఇచ్చారు. ఆ సెట్లు మా దగ్గరికి రాలేదు, నేను చూడలేదు.

ఆ వానాకాలంలో మునియప్ప ఒక్కడే మదనపల్లె వచ్చాడు. కండువాలో చుట్టిన సెట్టును నా బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు.

జరిగింది చెప్పాడు. వాన వెలిసిన మధ్యాహ్నం ఆయన చేను గట్టున ఉన్నాడు. ఏనుగుల మంద కుంట వైపు మళ్లడం కనిపించింది. గంగమ్మ గొర్రెలతో అటే ఉందని తెలుసు. బటన్ నొక్కి, "వదినా, కుంట వదిలి బండ మీదికి పో" అని చెప్పాడు. ఒకసారి కాదు, గొంతు పోయేదాకా చెప్పాడు. గంగమ్మ బండ మీదికి పోలేదు. ఏనుగు వెంటబడితే పరుగెత్తి రాళ్ల మీద పడింది. తుంటి విరిగింది, ఒక కాలు నుజ్జయింది. కుప్పంలో ఆపరేషన్ చేసి బతికించారు. ఇక కొండ ఎక్కలేదు. గొర్రెల మందను అమ్మేశారు.

"ఊరంతా ఒకటే మాటమ్మా. ముసల్ది సెట్టు ఆపేసి కునుకు తీసిందని. ఆయమ్మేమో నా సెట్టు పలకనేలేదు, నువ్వు పిలవనేలేదు అంటాది. నేను పిలవలేదంట! ఎర్రలైటు ఎలిగింది, నా కండ్లతో సూసినా. ఒకే ఇంట్లో ఉండాము, మాట్లాడుకోము." సెట్టును నా వైపు జరిపాడు. "నా సెట్టు బాగుండాదని ఒక్క మాట సెప్పు, సాలు."

ఏరియల్‌లోకి ఎంత పవర్ పోతోందో కొలిచే వాట్ మీటర్‌ను సెట్టుకు తగిలించాను. బటన్ నొక్కాను. ఎర్రదీపం ఠక్కున వెలిగింది. మీటర్ ముల్లు కదల్లేదు. మళ్లీ నొక్కాను. దీపం వెలిగింది, ముల్లు కదల్లేదు. ఏరియల్‌ను వేలితో కొంచెం పక్కకు వంచి నొక్కితే ముల్లు లేచింది. వేలు తీయగానే పడిపోయింది.

చిప్పలు చీల్చి భూతద్దం పెట్టి చూశాను. ఏరియల్ గూడు చుట్టూ వెంట్రుకంత పగులు. ఎర్రదీపాన్ని బటన్‌కు కలిపారు, అంతే. ఏరియల్‌లోకి పవర్ పోతోందా లేదా అన్నదానితో ఆ దీపానికి సంబంధమే లేదు. బటన్ నొక్కితే వెలుగుతుంది. మాట పోయినా వెలుగుతుంది, పోకపోయినా వెలుగుతుంది.

ఎలా చెప్పాలో తెలియలేదు. భూతద్దం ఆయన చేతికే ఇచ్చి పగులు చూపించాను. మీటర్ ముల్లు చూడమని బటన్ ఆయన చేతే నొక్కించాను. మునియప్ప నొక్కి, దీపం వైపు, ముల్లు వైపు మార్చి మార్చి చూశాడు.

"అయితే ఆ పొద్దు నేను ఎవురితో మాట్లాడినానమ్మా?" అన్నాడు.

ఆయన చేతిలోంచి సెట్టు తీసుకున్నాను. మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"ఈ మాట నేను పోయి సెప్తే ఆయమ్మ నమ్మదు. నువ్వు రా" అన్నాడు. మీటర్, ఆ సెట్టు, పనిముట్లు సంచిలో పెట్టుకుని ఆయన వెంట బస్సెక్కాను. పుంగనూరు దాటి, పలమనేరు దాటి, కుప్పంలో దిగి, వాళ్ల ఊరు చేరాం.

గంగమ్మ వసారాలో మంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. మునియప్ప ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మీటర్‌ను నన్ను పట్టుకోనివ్వలేదు, తనే పట్టుకున్నాడు.

"సూడు వదినా. ఇది నొక్కితే లైటు ఎలుగుతాది. ఈ ముల్లు లేస్తేనే మాట పోయినట్టు. సూడు, లేయలేదు. నేను పిలిచినా. నీకు రాలేదు. ఇద్దరమూ నిజమే సెప్పినాము."

గంగమ్మ చాలాసేపు ముల్లు వైపు చూసింది. గుమ్మం దగ్గర పోగైన ఇరుగుపొరుగు వాళ్ల వైపు కూడా ఒకసారి చూసింది. సెట్టు ఆపి నిద్రపోయిందన్నది వాళ్లే. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిలిచినావా?" అంది గంగమ్మ.

"పిలిచినా వదినా. గొంతు పోయేదాంక పిలిచినా."

"పిలిచినావు. సాలప్పా" అని ఆయన తల మీద చెయ్యి వేసింది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, తెల్లారాక ఊళ్లో ఉన్న సెట్లన్నీ విప్పించాను. కొన్నిటిలో అదే పగులు మొదలై ఉంది. ఏరియల్ గూడు కింద దళసరి రాగి రేకు పెట్టి అతికి, కదలకుండా చేశాను. దీపాలను మాత్రం ఏమీ చేయలేకపోయాను. ఏరియల్‌లోకి పవర్ పోతేనే దీపం వెలిగేలా చేయడానికి ఆ బోర్డులో చోటు లేదు.

సెట్లు తయారుచేసినవాళ్లకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఫోనెత్తిన అమ్మాయి శ్రద్ధగానే విన్నది. మునియప్ప సెట్టుకు బదులు కొత్తది పంపారు. విప్పి చూశాను, అదే బోర్డు, అదే అతుకు, అదే దీపం.

ఐటిఐ అమ్మాయి అడిగినదానికి నా జవాబు ఇదే. పాతవి గట్టివా అంటే, చాలామటుకు గట్టివే. కానీ నా బాధ గట్టిదనం గురించి కాదమ్మా. పగలని వస్తువు ఎవరూ చేయలేరు. పగిలినప్పుడు పగిలానని చెప్పే వస్తువును చేయడం తయారుచేసేవాళ్లకు వచ్చు, మానేశారు. నువ్వు ఏ సెట్టు బాగుచేసినా ఆ దీపం దేనికి కలిసి ఉందో ముందు చూడు. రెండో సెట్టులో నీ మాట నువ్వు వినేదాకా పలుకుతుందని ఎవరికీ చెప్పొద్దు.

గంగమ్మ జవాబు

ఆ తర్వాత మునియప్ప ఊళ్లో ఒక కట్టుబాటు పెట్టాడు. దీపాన్ని ఎవరూ నమ్మకూడదు. ఎవరు ఏం చెప్పినా ఇంటి దగ్గరి సెట్టులో ఆ మాటను మళ్లీ పలకాలి. మళ్లీ పలికితేనే చెప్పినట్టు. ఇంటి సెట్టు ముందు కూర్చునేది గంగమ్మ. నడవలేదు కాబట్టి పొద్దు వాలే వేళకు మంచాన్ని సెట్టు పక్కకు జరిపించుకుంటుంది. కొండంచున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది. వాళ్లు పలుకుతారు, వాళ్ల మాటను తను మళ్లీ చెబుతుంది. పలకనివాళ్ల కోసం మనిషిని పంపుతుంది.

ఈ వానాకాలం మొదట్లో చూసి రావడానికి వెళ్లాను. పని కోసం కాదు, ఊరికే. అయినా సంచిలో చిన్న సామాను పెట్టుకునే వెళ్లాను. గంగమ్మ పక్కన కూర్చుని వింటున్నాను. నలుగురు పలికారు. ఐదో మనిషి నారాయణప్ప పలకలేదు.

"నారాయణప్పా. ఓ నారాయణప్పా. యాడ ఉండావప్పా?"

సెట్టులో బుస తప్ప ఏమీ లేదు. ఆమె ఇంకోసారి పిలవలేదు. మునియప్ప వైపు చూసింది. ఆయన తింటున్న సంగటి ముద్దను పళ్లెంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, టార్చీ, కర్ర, తన చేతిసెట్టు తీసుకుని కొండ వైపు నడిచాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు.

మేం ఆ బుస వింటూ కూర్చున్నాం. మధ్యమధ్యలో గంగమ్మ మిగతా నలుగురినీ పిలిచి, అటు పోవద్దని చెప్పి, వాళ్ల మాటను మళ్లీ పలుకుతోంది. వసారా ముందు వెలుతురు తగ్గిపోయింది.

చివరకు మునియప్ప గొంతు వచ్చింది. "దొరికినాడు వదినా. బాగుండాడు. సెట్టే సచ్చింది."

"దొరికినాడు. బాగుండాడు. సెట్టే సచ్చింది" అని గంగమ్మ తిరిగి చెప్పి మైకు కింద పెట్టింది.

వాళ్లు తిరిగొచ్చాక సెట్టు నాకిచ్చారు. బ్యాటరీని పట్టుకునే స్ప్రింగ్ వంగిపోయింది. పల్చటి రేకు, ఎన్నిసార్లు బ్యాటరీ తీసి పెడితే అన్నిసార్లు కొంచెం కొంచెం వంగుతుంది. పట్టకారుతో సరిచేసి, కింద చిన్న రబ్బరు ముక్క ఎత్తు పెట్టాను. నారాయణప్ప అవతలికి పోయి మాట్లాడాడు. గంగమ్మ సెట్టులో వినిపించింది. తిరిగొచ్చి సెట్టు నా చేతికిచ్చాడు.

మునియప్ప బురద కాళ్లతో మెట్టు మీద కూర్చున్నాడు. వయసు మీద పడుతోంది, కొండ ఎక్కి దిగినందుకు ఇంకా రొప్పుతున్నాడు.

"ఈ వానాకాలమంతా నిలుస్తాదామ్మా ఆ సెట్టు?" అని అడిగాడు.

శేషాద్రి సార్ అంగడిలో పనిచేసిన కాలంలో ఇలాంటి ప్రశ్నకు తడుముకోకుండా నిలుస్తుందప్పా అనేదాన్ని. స్ప్రింగ్‌ను ఇంకోసారి వేలితో నొక్కి చూశాను.

"చెప్పలేనప్పా" అన్నాను.

ఆయన తలూపి, సెట్టు తీసుకుని లోపలికి వెళ్లాడు.